కిండిల్ కోసం వచ్చినవారు, కథ కోసం వచ్చినవారు: నాలుగేళ్ల గివ్‌అవేల అనుభవం

సొంత ఖర్చుతో కథల పుస్తకాలు అచ్చువేసుకునే నేను, పాఠకుల ఈమెయిల్ జాబితా పెంచుకోవడానికి నాలుగేళ్లుగా గివ్‌అవేలను వాడుతున్నాను. ఇప్పటికి ఏడు నడిపాను. పేరు, ఈమెయిల్ ఇచ్చినవారిలో చీటీ తీసి ఒకరికి బహుమతి పంపడం, తమ లింకుతో స్నేహితులను చేర్పించినవారికి అదనపు ఎంట్రీలు ఇవ్వడం ఇందులోని పద్ధతి.

మొదటిసారి బహుమతిగా ఈ-పుస్తకాలు చదివే పరికరం కిండిల్ పెట్టాను. చదివే అలవాటు లేనివారికి కిండిల్‌తో పనేముంటుందన్నది నా లెక్క. పది రోజుల్లో 1,900 చిరునామాలు వచ్చిపడ్డాయి. తీరా జాబితా తెరిచి చూస్తే, ఒకే పేరు చివర 1, 2, 3 అని అంకెలు తగిలించిన చిరునామాలు పదకొండు వరుసగా కనిపించాయి. అదనపు ఎంట్రీల కోసం ఒకాయన తనకు తానే స్నేహితుడయ్యాడన్నమాట. గెలిచిన వ్యక్తి, "కిండిల్ వద్దండీ, ఆ డబ్బు ఫోన్‌పే చేస్తారా?" అని రాశారు. తర్వాతి పుస్తకం సంగతి అందరికీ పంపితే కొన్నవారు నలుగురు, వారిలో ఇద్దరు నాకు ముందే తెలిసినవారు.

అసలు నష్టం ఆ తర్వాత తెలిసింది. ఈమెయిళ్లు పంపే సేవకు చిరునామాల సంఖ్యను బట్టి నెలనెలా కట్టాలి కనుక, తెరవనివారికీ నేనే చెల్లిస్తున్నాను. పైగా బహుమతి సంగతి మరిచిపోయినవారు నా ఉత్తరాన్ని స్పామ్ అని నొక్కేస్తారు. 2024 ఫిబ్రవరి నుంచి అమలవుతున్న జీమెయిల్ నిబంధనల ప్రకారం అలాంటి ఫిర్యాదులు 0.3 శాతం లోపే ఉండాలి, అంటే వెయ్యి ఉత్తరాలకు ముగ్గురు నొక్కినా హద్దుకు చేరినట్టే. అది దాటితే నిజమైన పాఠకులకు పంపినవీ స్పామ్‌లో పడే ప్రమాదముంది.

పాఠకులు పుస్తకాలపై అభిప్రాయాలు రాసుకునే గుడ్‌రీడ్స్ వెబ్‌సైట్‌లో నడిపే గివ్‌అవేలు ఈ పనికి అక్కరకు రావు. 2018 జనవరి నుంచి వాటికి రుసుము కట్టాలి, పాల్గొన్నవారి ఈమెయిళ్లు రచయితకు అందవు.

నాలుగోసారి బహుమతిగా నేను సంతకం చేసిన పుస్తకాన్నీ, తోటి కథకుల పుస్తకాలు రెండింటినీ పెట్టాను. ఈమధ్య చదివిన తెలుగు కథ ఏదని ఫారంలో ఒక ప్రశ్న చేర్చాను; చేరినవారికి ఇకపై నా ఉత్తరాలు వస్తాయని పైనే రాశాను; ఈమెయిల్‌కు వచ్చిన లింకు నొక్కి ధ్రువీకరిస్తేనే ఎంట్రీ చెల్లుతుందన్నాను. వచ్చినవారు 160 మంది, ధ్రువీకరించినవారు 118. సంఖ్య చూసి మొదట మనసు చివుక్కుమన్న మాట నిజమే. అయితే వారిలో సగానికి పైగా ఇప్పటికీ ఉత్తరాలు తెరుస్తున్నారు. ఖమ్మం నుంచి ఒకావిడ, మూడో కథ మొదటి పేజీలో పెంకుటిల్లుగా ఉన్నది చివరికొచ్చేసరికి డాబా ఎలా అయిందని అడిగారు. కిండిల్ జాబితా నుంచి అలాంటి జవాబు ఒక్కటీ రాలేదు.

ఇప్పుడు పుస్తకం వచ్చినప్పుడు మాత్రమే, వారం రోజులకు మించకుండా నడుపుతున్నాను. గెలవనివారందరికీ మరునాడే ఒక కథ పంపుతాను. జాబితా నుంచి ఎక్కువమంది తప్పుకునేది ఆ ఉత్తరంతోనే. తప్పుకోవడానికి లింకును అడుగున దాచకుండా కథకు ముందే పెడుతున్నాను.