గోదారి గట్ల మీద తిరగడానికి గేర్ల సైకిలా, పాత పెద్ద సైకిలా?

ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా రెండ్రోజులు సైకిల్ మీద వెళ్ళాలని మా అక్క కొడుక్కి కోరిక, 21 గేర్లది కొననా మావయ్యా అని అడిగాడు. మీ తాతగారి 28 ఇంచీల సైకిల్ పంచలోనే ఉందిగా, తుడిచి చైనుకి నూనేసి అదే తీసుకెళ్ళరా అన్నాను.

ఎందుకో తెలియాలంటే సైకిల్ పుట్టుక దగ్గర మొదలెట్టాలి. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ చేసిన చెక్క బండికి పెడళ్ళే లేవు, కాళ్ళతో నేలని తన్నుకుంటూ పోవడమే. 1860ల్లో ప్యారిస్‌లో ముందు చక్రానికే పెడళ్ళు పెట్టారు, కానీ పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే కదా, స్పీడు కావాలంటే చక్రమే పెంచాలి, అలా పెంచీ పెంచీ మనిషి ఛాతీ ఎత్తుకి తెచ్చారు. 50 ఇంచీల చక్రమైతే పెడలు ఒక చుట్టుకి 13 అడుగులు, పడితే మాత్రం తలే ముందు నేలకి కొట్టుకునేది. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిల్‌లో చైనుతో వెనక చక్రాన్ని తిప్పించాడు, ముందు పళ్ళచక్రం పెద్దది వెనకది చిన్నది కాబట్టి ఎత్తు తగ్గినా స్పీడు తగ్గలేదు. 1888లో డన్‌లప్ గాలి టైరు తెచ్చాడు. మన పెద్ద సైకిల్ ఆ వంశమే.

గేర్ల అవసరం, అంటే ఎక్కేటప్పుడు తేలిగ్గా తొక్కేలా పళ్ళచక్రం మార్చుకునే వీలు, కొండల దగ్గర వచ్చింది. సెంట్‌ఎటియెన్ అనే ఫ్రెంచి కొండల ఊళ్ళో ఉండే పాల్ ద వివీ, సైకిల్ యాత్రలంటే ప్రాణం పెట్టినాయన, గేర్ల కోసం ఏళ్ళ తరబడి రాశాడు. అయినా టూర్ ద ఫ్రాన్స్ రేసులో ఇప్పటి తరహా గేర్లని 1937 దాకా ఒప్పుకోలేదు. సమంగా ఉండే దారికి ఒక్క గేరు చాలు, థామస్ స్టీవెన్స్ అనే ఆయన అంత ఎత్తు చక్రం బండి మీదే ప్రపంచం చుట్టాడు, 1886లో అప్పటి ఉమ్మడి భారతదేశంలో లాహోర్ నుంచి కలకత్తాకి వెళ్ళింది కూడా దానిమీదే.

మన డెల్టాలో కొండేది? బ్యారేజీ దాటి బొబ్బర్లంక నుంచి కాలవ పక్కనే ఆత్రేయపురం, లొల్ల లాకులు, ఎక్కడా ఊపిరి ఎగదియ్యక్కర్లేదు. నిటారుగా కూచుంటాం కాబట్టి కొబ్బరి తోటలూ చేలూ లంకలూ అన్నీ కంటికి ఆనతాయి, గేర్ల సైకిల్ మీద వంగి తొక్కితే ఎక్కువసేపు కనపడేది ముందు చక్రమే. వానాకాలం గట్టు మీద ఒండ్రు మట్టి గేర్ల సందుల్లో ఇరుక్కుంటే చైను జారుతూనే ఉంటుంది. పెద్ద సైకిల్‌కి మడ్‌గార్డులుంటాయి, క్యారేజీ మీద పక్క చుట్ట కట్టెయ్యొచ్చు, పంచరు పడితే ఏ ఊళ్ళోనైనా వేస్తారు, ఆ సైజు ట్యూబూ దొరుకుతుంది.

బరువు మాత్రం నిజమే, దగ్గర దగ్గర 20 కేజీలుంటుంది. మధ్యాహ్నం నుంచి సముద్రం మీంచి వచ్చే పైరగాలికి ఎదురు తొక్కాలంటే తొడలు పట్టేస్తాయి, గేరు తగ్గించుకునే వీలుంటే అప్పుడు హాయే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకీ, మారేడుమిల్లి ఘాటు ఎక్కుదామనుకునేవాళ్ళకీ గేర్లదే కొనమంటాను, అక్కడ పెద్ద సైకిల్‌తో అయితే దిగి నడిపించుకుంటూ వెళ్ళాలి.

వాడికి చెప్పిందల్లా, దిగువకి వెళ్ళేటప్పుడు తెల్లారకుండా బయల్దేరి పదింటికల్లా ఏదో ఊరు చేరిపో, తిరిగొచ్చేటప్పుడు మధ్యాహ్నం ఎక్కు, అప్పుడు ఆ గాలే వెనకనుంచి తోస్తుంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఉంటే సైకిల్‌తో సహా ఎక్కి వశిష్ఠ దాటి నరసాపురం కూడా చూసిరా.