కారం దోశె, పాత టీవీ, అర్ధరాత్రి ఒంటిగంట

కడప బస్టాండు దగ్గర రాత్రంతా తెరిచుండే చిన్న టిఫిన్ హోటల్ ఇది, బోర్డు కూడా లేదు. నేను మొదటిసారి వెళ్ళింది 2024 ఆగస్టులో, పారిస్ ఒలింపిక్స్ ఆడవాళ్ళ వంద మీటర్ల ఫైనల్ రాత్రి, అప్పటికి మనకు ఒంటిగంట కావస్తోంది. దోశె గురించి చెప్పాలంటే, ఎర్రకారం పెనం మీదే గరిటె వెనక్కి తిప్పి అంచుదాకా రాస్తారు, పైన పప్పులపొడి చల్లి, అది నెయ్యి తాగి ముద్దయ్యేదాకా ఆగి అప్పుడు మడుస్తారు. కళ్ళలో నీళ్ళు గ్యారంటీ.

టీవీ మాత్రం ఫ్రిజ్ పైన, సగం బొమ్మ అరటి గెల వెనకాల. అక్కడ వాన, ట్రాక్ తడి, అందరూ అమెరికా రిచర్డ్‌సన్ గెలుస్తుందనుకుంటుంటే జూలియన్ ఆల్ఫ్రెడ్ 10.72 సెకన్లలో దూసుకుపోయింది.

"ఏ దేశం అబ్బీ?" అన్నాడు మాస్టర్.

"సెయింట్ లూసియా అన్నా. దేశం మొత్తం కలిపినా మన కడప టౌనంత జనం లేరు. ఒలింపిక్స్‌లో ఇదే వాళ్ళ మొదటి పతకం."

అదే రాత్రి ఇంకా చిన్న దేశం డొమినికాకి కూడా ట్రిపుల్ జంప్‌లో థియా లాఫాండ్ మొదటి పతకం తెచ్చింది, అదీ బంగారమే, 15.02 మీటర్లు. ఆ మాట చెప్పేలోపు ఆయన పెనం మీద నా రెండో దోశె మాడింది. మాడినదానికీ డబ్బులు తీసుకున్నాడు! చట్నీ పన్నెండుకే అయిపోతుంది, చిల్లర ఉండదు. నేనైతే వారానికోసారి పోతూనే ఉన్నా.