అటక మీద నాలుగు డబ్బాలు, ఒక పొడుగు పుస్తకం: పదకొండు సంక్రాంతుల వాడకం తర్వాత

2015లో భోగికి రెండు రోజుల ముందు బొమ్మల కొలువు అట్టపెట్టెను అటక మీంచి దించాను. దించానంటే, పైభాగం నా చేతికి వచ్చింది, అడుగు అటక మీదే ఉండిపోయింది. అంతకు మూడు నెలల ముందు, అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు వెంటిలేటర్ అద్దం పగిలి వాన లోపలికి కొట్టింది. కరెంటు లేక, నీళ్లు లేక ఆ రోజులెలా గడిచాయో వైజాగ్ వాళ్లకు చెప్పక్కర్లేదు. అటక సంగతి ఎవరికి గుర్తుంటుంది? కొండపల్లి బొమ్మల రంగు పెచ్చులుగా లేచిపోయింది. మట్టి బొమ్మలు సగం మళ్లీ మట్టి అయిపోయాయి. అత్తయ్యగారు అంబారీ ఊడిన ఏనుగును పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

ఆ పండగ వెళ్లగానే మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు నాలుగు కొన్నాను. తర్వాత ఒక్కో ఏడాది ఒక్కో పిచ్చి: వాక్యూమ్ బ్యాగులు, తేమ పీల్చే డబ్బాలు, రంగురంగుల లేబుళ్లు, ఫోన్‌లో లిస్టులు. మాది ఎంవీపీ కాలనీలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. సాయంత్రమైతే అప్పూఘర్ బీచి వైపు నుంచి గాలి హాయిగా వస్తుంది, ఆ గాలే బీరువా కాళ్లను తినేస్తుంది. తలుపు బందులు, ఇనప కొక్కేలు, స్టాప్లర్ పిన్నులు, దేన్నీ వదలదు. హైదరాబాద్‌లో ఉండే మా వదిన మెచ్చుకున్న వస్తువు మా ఇంట్లో ఆరు నెలలు కూడా నిలవకపోవడం చాలాసార్లు చూశాను. అందుకే ఇది సముద్రానికి దగ్గరున్న ఇళ్లవాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు వాక్యూమ్ బ్యాగుల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది అడిగేది వాటి గురించే. 2018లో చేతిపంపుతో పాటు ఆరు కొన్నాను. పండక్కి పది మంది వస్తే పరుపులు, రజాయిలు, దిండ్లు కావాలి. మిగతా ఏడాదంతా అవి చోటు తినడం తప్ప చేసే పనేమీ ఉండదు. మొదటి రోజు చూసి మా ఆయన కూడా నోరు వెళ్లబెట్టారు. నాలుగు రజాయిల దొంతర అప్పడంలా అయిపోయింది. ఉగాది నాటికి అదే అప్పడం పూరీలా పొంగింది. జిప్ గాడిలో ఒక్క దూది పోగు ఇరుక్కున్నా చాలు, గాలి సన్నగా ఎక్కేస్తుంది. సరే, మళ్లీ పంపు కొట్టాం. అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఆగస్టులో చుట్టాలు వెళ్లాక వాడిన రజాయి పొడిగానే ఉందనుకుని బ్యాగులో పెట్టాను. డిసెంబర్‌లో తీస్తే గలేబు నిండా మిరియాలు చల్లినట్టు నల్ల చుక్కలు, బూజు వాసన. బ్యాగు బయటి తేమను లోపలికి రానివ్వదు, నిజమే. లోపలున్న తేమను బయటికి కూడా పోనివ్వదు కదా! వర్షాకాలంలో మన ఊళ్లో చేతికి పొడిగా తగిలే దూదిలో కూడా తడి ఉంటుంది.

అదే బ్యాగులో ఉప్పాడ చీర పెట్టడం ఇంకో తెలివితక్కువ పని. ఒత్తిడికి జరీ మడత దగ్గర గీత పడింది. ఇస్త్రీ చేయించినా ఆ గీత పోలేదు, కుచ్చిళ్లలో దాచుకుని కట్టుకుంటున్నాను. పట్టుచీరలు పాత మల్లు గుడ్డలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చే అమ్మ పద్ధతికి మించింది నాకైతే కనబడలేదు.

మరి ఆ బ్యాగులు దేనికీ పనికిరావా అంటే, స్వెట్టర్లకు భేషుగ్గా పనికొస్తాయి. వైజాగ్‌లో స్వెట్టర్ ఎవరికి కావాలి? అరకు వెళ్లినప్పుడు, తెల్లవారుజామున లంబసింగి వెళ్లినప్పుడు కావాలి. ఏడాదికి రెండుసార్లు తీసేవి, ఉన్ని బాగా ఎండినవి, ఆ బ్యాగులో ముచ్చటగా సర్దుకుంటాయి. ఆరింటిలో ఇప్పుడు రెండే బతికున్నాయి. మళ్లీ కొనను.

తేమ పీల్చే డబ్బాల గురించి ఒక హెచ్చరిక. పైన తెల్ల గుళ్లు, కింద నీళ్లు చేరే గిన్నె ఉండే రకం అవి. పనిచేస్తాయి, అందులో అనుమానం లేదు. ఒక ఆగస్టులో మూడు వారాలకే గిన్నె నిండింది. దాన్ని బీరువాలోంచి తీస్తూ ఒంపేశాను. మామూలు నీళ్లే అనుకుని తుడిచి వదిలేశాను. మర్నాటికీ ఆ చోటు జిడ్డుగా, తడిగా ఉంది, ఫ్యాను పెట్టినా ఆరలేదు. ఆ గుళ్లు కాల్షియం క్లోరైడ్. కరిగి కిందికి దిగాక కూడా అది గాలిలోంచి నీటిని లాక్కుంటూనే ఉంటుంది, ఇక ఆరేదెక్కడ? తడిగుడ్డతో నాలుగైదుసార్లు కడిగితే గానీ వదల్లేదు. వదిలేసరికి కింది అర రంగు లేచి తుప్పు మొదలైంది. వాడేవాళ్లు స్టీలు పళ్లెంలో పెట్టి వాడండి, బట్టల పక్కన మాత్రం వద్దు. తేమకు నీలం నుంచి గులాబీ రంగుకు మారే సిలికా జెల్ పొట్లాలు గట్టిగా మూసే చిన్న డబ్బాల్లో బాగుంటాయి. రోజుకు పదిసార్లు తెరిచే బీరువాలో అవి వారం కూడా ఆగవు.

ఇక ప్లాస్టిక్ డబ్బాలు. నాలుగింటిలో మూడు ఇంకా వాడుకలో ఉన్నాయి, అంటే డబ్బుకు న్యాయం జరిగినట్టే. కానీ కొన్నప్పుడు తెలియని విషయాలు చాలా ఉన్నాయి. మొదట విరిగేది మూత పక్కనుండే క్లిప్పు. నాలుగో ఏడాదిలోనే రెండు డబ్బాల క్లిప్పులు ఊడాయి, అప్పట్నుంచి నవారుతో కడుతున్నాం. కింద చక్రాలున్న డబ్బా కొనకండి, ఆ చక్రాలు విరిగాక డబ్బా నిలకడగా కూర్చోదు. నేను చేసిన పెద్ద తప్పు, ఇత్తడి సామానంతా పెద్ద డబ్బాలో పెట్టడం. గుండిగ, దీపపు సెమ్మెలు, పళ్లేలు వేసేసరికి దాన్ని నేలమీంచి లేపడానికే ఇద్దరు కావాలి, అటక ఎక్కించడం కలలో మాట. ఇప్పుడు బరువైనవి చిన్న డబ్బాలో పెట్టి మంచం కింద తోస్తాం. తేలికైనవి, అంటే తోరణాలు, బొమ్మలు, కాగితపు పూలు, పెద్ద డబ్బాల్లో అటక మీదికి వెళ్తాయి.

బొమ్మల్ని దేనిలో చుట్టాలన్నది కూడా చేయి కాల్చుకున్నాకే తెలిసింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఆ ఏడే, వానకు పాడైపోయిన కొలువు స్థానంలో అత్తయ్యగారు ఒక పెళ్లి సెట్టు తెప్పించుకున్నారు. అంకుడు కర్ర మీద లక్క రంగు, చూడ్డానికి గాజులా మెరుస్తుంది. పండగయ్యాక వాటిని న్యూస్‌పేపర్‌లో చుట్టి వంటింటి అటక మీద పెట్టాను. లక్క వేడికి మెత్తబడుతుంది. మే నెల ఎండలు, కింద పొయ్యి వేడి కలిశాయి. తర్వాతి సంక్రాంతికి విప్పితే పెళ్లికొడుకు వీపు మీద రియల్ ఎస్టేట్ ప్రకటన అచ్చు పడి ఉంది. ఇప్పటికీ ఉంది, కొలువులో గోడవైపు తిప్పి కూర్చోబెడతాం. ఇప్పుడు పాత పంచె ముక్కల్లో చుట్టి, పడగ్గది అటక మీద పెడుతున్నాం. కలరా ఉండలు వేయడం మానేశాను, పూజ సామాను తీసిన ప్రతిసారీ ఆసుపత్రి వాసన ఎందుకు?

లేబుళ్ల మీద నేను పెట్టినంత డబ్బు ఎవరూ పెట్టి ఉండరు. అంటించేవన్నీ వానాకాలంలో రాలిపోతాయి. మూత మీద మార్కర్‌తో రాస్తే, ఒకదాని మీద ఒకటి పెట్టాక కనబడదు. చివరికి అట్టముక్కకు బెజ్జం పెట్టి, పురికొసతో డబ్బా పిడికి కట్టాను. అది చూసి అత్తయ్యగారు, "బొమ్మల చేత కూడా చీటీలు కట్టిస్తన్నావేటమ్మా?" అన్నారు. ఆవిడది విజయనగరం, కళ్లజోడు పెట్టుకోవడం ఇష్టం ఉండదు, నా చీటీలు ఒక్కటీ చదవరు. తన లెక్కలో పసుపు బొట్టున్న డబ్బా దేవుడిది, బొట్టు లేనిది మనుషులది. నిజం చెప్పాలంటే ఇంట్లో అందరూ చూసేది ఆ బొట్టునే.

ఇన్నేళ్లలో పైసా పైసాకు పనికొచ్చింది మాత్రం ఒక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్. నియమం ఒక్కటే, ముక్కనుమ సాయంత్రం రాయాలి. చుట్టాలు బయల్దేరి, గిన్నెలు ఇంకా బోర్లించి ఉన్నప్పుడు, ఏది మిగిలిందో ఏది చాల్లేదో కళ్ల ముందు కనబడుతున్నప్పుడు రాయాలి. వారం ఆగితే "అంతా బాగానే జరిగింది" అనిపిస్తుంది, ఆ మాట వచ్చే ఏడాది ఎవరికీ ఉపయోగపడదు. మొదటి ఏళ్ల పేజీల్లోంచి కొన్ని యథాతథంగా:

"అరిసెలకి 3 కిలోల బియ్యం ఎక్కువ. 2 చాలు. బెల్లం కిలోకి ముప్పావు, పాకం అత్తయ్యగారే చూడాలి."

"తడిపిండి పట్టే మర భోగి ముందు రోజు తొమ్మిదికే జనం. రెండు రోజుల ముందు నానబెట్టాలి."

"పాకుండలు పిల్లలు ముట్టలేదు. జంతికలు రెండో రోజుకే ఖాళీ."

"రేగుపళ్లు ముందే కొంటే మెత్తబడ్డాయి. భోగిపళ్లకి ముందురోజు సాయంత్రం రైతుబజార్."

"రెండో సిలిండర్ ఖాళీ అని బూరెలు వేస్తుంటే తెలిసింది!!"

ఆ ఆఖరి లైను కింద మా ఆయన రెండు గీతలు గీశారు. సిలిండర్ చూడాల్సింది తనే అని మాత్రం రాయలేదు.

2019లో స్టైలుగా ఉంటుందని దీన్ని ఫోన్‌లోకి మార్చాను. చేతులు పిండిలో ఉన్నప్పుడు ఫోన్ తెరవలేం. అత్తయ్యగారికి అది అందదు. ఆ ఫోన్ పాడయ్యాక రెండేళ్ల రాతలు దాంతోనే పోయాయి. పుస్తకమైతే నూనె మరకలతో సహా వంటింటి గూట్లోనే ఉంది. ఏ పేజీ మీద నూనె ఎక్కువుంటే ఆ ఏడు పిండివంటలు ఎక్కువన్నమాట.

నెల పట్టిన రోజున, అంటే డిసెంబర్ 16 ప్రాంతంలో, పుస్తకం తీసి కిందటి రెండేళ్ల పేజీలు చదువుతాం. బూజు దులపడం, కర్టెన్లు ఉతకడం ఆ వారంలోనే. పూర్ణా మార్కెట్‌కు సరుకులకోసం డిసెంబర్‌లోనే, మధ్యలో ఏదో ఒక పనిరోజు పొద్దున్నే వెళ్లొస్తాం. పండగ వారంలో అక్కడ బండి పెట్టుకోవడానికి పట్టే టైములో సరుకులు కొనేయొచ్చు. పూలు, అరటి ఆకుల్లాంటి పచ్చి సరుకు ఒక్కటే చివరికి.

పుస్తకం నన్ను ముంచిన సందర్భం కూడా ఒకటుంది. మా వదిన వాళ్లు హైదరాబాద్ నుంచి రావడానికి రైలు టికెట్లు ఇక్కడినుంచి నేనే తీస్తాను. పుస్తకంలో "జనవరి 11 ప్రయాణానికి సెప్టెంబర్ 13, పొద్దున్న 8కి బుకింగ్" అని రాసి ఉంది. కిందటి సెప్టెంబర్‌లో అలారం పెట్టుకుని లేచి కూర్చుంటే ఆ తేదీ అసలు తెరుచుకోదే! 2024 నవంబర్ 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గిందని పేపర్లో చదివాను, పుస్తకంలో దిద్దుకోలేదు. జనవరి 11కి ఇప్పుడు నవంబర్ 12న తీయాలి. ముందు లేచాను కాబట్టి నష్టం లేదు, అదే లెక్క తిరగబడి ఉంటే మా వదిన కుటుంబం బస్సులో కూర్చుని రావాల్సొచ్చేది. ఇప్పుడు మనం మార్చలేనివి, అంటే రైల్వే నియమాల్లాంటివి, పెన్సిల్‌తో రాస్తున్నాను.

సర్దడం గురించి అందరూ చెప్పే ఇంకో మాట, పండగ ముందు పాతవి వదిలించుకోవాలని. మంచిదే. కానీ మా వీధిలో భోగిమంట చూస్తే భయమేస్తుంది. రెక్సిన్ కుర్చీలు, ప్లాస్టిక్ బకెట్లు కూడా తెచ్చి వేస్తారు. పొగ మూడో అంతస్తు దాకా నల్లగా లేస్తుంది, పిల్లలు అక్కడే చలి కాచుకుంటుంటారు. మేం పిడకల దండలు, పాత కర్రసామాను తప్ప మరేదీ వేయం. మిగతాది నెల ముందే పాత సామానువాడికి వెళ్తుంది, ఆ డబ్బులతో బెల్లం వస్తుంది.

పండగ తర్వాత సర్దడంలో నేను మార్చుకున్నది ఒకటుంది. ముక్కనుమ మర్నాడే అన్నీ అటక ఎక్కించేసే అలవాటు మానేశాను. డబ్బాలు మూతలు తీసి గదిలోనే ఉంచి, రథసప్తమి దాకా ఆగుతాను. అప్పటికి ఎండలో పదును వస్తుంది, గాలిలో చెమ్మ తక్కువ. రజాయిలు, దుప్పట్లు, డబ్బాల లోపలి గుడ్డలు రెండు రోజులు మేడ మీద ఎండబెడతాం. లక్క బొమ్మలు మాత్రం నీడపట్టున గాలికి. రెండు వారాలు ఇల్లు గోడౌన్‌లా ఉంటుంది, మా ఆయన డబ్బా తట్టుకోని రోజు ఉండదు. కానీ ఈ పద్ధతి మొదలుపెట్టాక బూజు వాసన ఒక్క ఏడాది కూడా రాలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అడిగితే నేను చెప్పేది, క్లిప్పులు లేకుండా మూత గట్టిగా దిగే మధ్యరకం డబ్బాలు మూడు, ఒక పొడుగు పుస్తకం కొనమని. పురికొస ఎలాగూ ఇంట్లో ఉంటుంది. మిగతావన్నీ నేను కొనేశాను, కావాలంటే వచ్చి చూసుకోవచ్చు.

ఈ ఏడాది పేజీ మొన్న మూసేశాను. రెండు కిలోల అరిసెలు సరిపోయాయని రాసుకున్నాను. దాని పక్కన కళ్లజోడు లేకుండా రాసిన పెద్ద పెద్ద అక్షరాలు, "చాల్లేదు. అల్లుడు అడిగాడు."