ఏథెన్స్‌లో గుడ్లగూబ నాణేల కోసం

ఏథెన్స్ వెళ్ళే మనవాళ్ళలో చాలామంది అక్రోపోలిస్‌తో సరిపెట్టుకుంటారు గానీ, పాత నాణేలపై రాతలను, గుర్తులను చదవాలన్న కుతూహలం ఉన్నవారు పానెపిస్టిమియు వీధిలోని నాణేల మ్యూజియానికి ఒక పూట కేటాయించడం మంచిది. ట్రాయ్ తవ్వకాలతో పేరుపొందిన హైన్రిచ్ ష్లీమన్ కోసం ఎర్న్‌స్ట్ జిల్లర్ 1878–80లలో కట్టిన మేడ అది. గోడలపై చిత్రాలు, నేలపై మొజాయిక్‌లు నాణేలతో పోటీపడి చూపును లాక్కుంటాయి.

నేను ఎక్కువసేపు నిలబడిపోయినది గుడ్లగూబ టెట్రాడ్రాక్మా, అంటే నాలుగు డ్రాక్మాల పాత ఏథెన్స్ నాణెం ముందు. దాదాపు 17 గ్రాముల వెండి. బొమ్మ వైపు శిరస్త్రాణం ధరించిన ఎథీనా దేవత. బొరుసు వైపు గుడ్లగూబ, దాని వెనుక ఆలివ్ రెమ్మ, చిన్న నెలవంక, ముందు ఆల్ఫా, థీటా, ఎప్సిలాన్ అనే మూడు అక్షరాలు. అవి 'ఏథెన్స్ వారిది' అని చెప్పే పొడి అక్షరాలు. క్రీ.పూ. 403లో నగరం మరో గ్రీకు ప్రాంతమైన అయోనియా వర్ణమాలను స్వీకరించాక ఆ పేరును ఎప్సిలాన్ బదులు ఈటా అనే దీర్ఘాక్షరంతో రాయవలసి ఉన్నా, నాణెంపై మాత్రం ఎప్సిలాన్ కదలలేదు. పక్కకు తిరిగిన దేవత ముఖంలో కన్ను ఎదురుగా చూస్తున్నట్టు చెక్కే పాత పద్ధతిని కూడా 5వ శతాబ్దమంతా వదల్లేదు. దూరదేశపు వర్తకుడు తనకు అలవాటైన రూపాన్నే నమ్ముతాడన్నది దీనికి పండితులు చెప్పే కారణం. మరో గ్రీకు నగరమైన కొరింత్ నాణేలపై రెక్కల గుర్రం కింద కనిపించే కొప్పా అనే పాత గ్రీకు అక్షరమూ అంతే: మామూలు రాతలోంచి జారిపోయినా వెండిపై మిగిలింది.

ఈజినా ద్వీపపు నాణెంపై సముద్రపు తాబేలు కాలక్రమంలో నేల తాబేలుగా మారింది. ఏథెన్స్ చేతిలో ఓడి సముద్రాధిపత్యం కోల్పోవడమే దీనికి కారణమని కొందరంటారు. నాకైతే అది మరీ చక్కగా అమరిన కథగా తోచింది. ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి పడవలో ఆ ద్వీపానికి వెళ్ళిరావడం సులువు, అఫైయా ఆలయం అక్కడే ఉంది. పురాతన కొరింత్ మాత్రం కొత్త ఊరికి కొన్ని కిలోమీటర్ల దూరాన ఉండడంతో రైలు దిగాక మళ్ళీ వాహనం వెతుక్కోవాలి.

మ్యూజియంలో వివరణలు గ్రీకుతో పాటు ఇంగ్లీషులోనూ ఉన్నాయి, తోటలోని కాఫీ హోటల్ హాయిగా ఉంది. బసకు నగరం నడిబొడ్డున ఉన్న సింటాగ్మా కూడలి చుట్టుపక్కలే మేలు, అక్కడి నుంచి మ్యూజియానికి నడిచిపోవచ్చు. మొనాస్టిరాకిలో నేను దిగిన హోటల్‌లో అర్ధరాత్రి దాకా వీధి సందడి తగ్గలేదు. అక్కడి దుకాణాల్లో నకలు నాణేలు కొనుక్కోవచ్చు గానీ, ఎవరైనా 'అసలుదే' అంటే దూరంగా ఉండండి, అనుమతి లేకుండా పురావస్తువును దేశం దాటించడం గ్రీసులో నేరం.