ట్రాకియాస్టమీకి కృత్రిమ ముక్కు: కొన్ని వేసవులు వాడాక

మా బాపు గొంతులో ట్రాకియాస్టమీ గొట్టం (ఊపిరి ఆడటానికి మెడ ముందు రంధ్రం చేసి పెట్టేది) శాశ్వతంగా ఉంది. హనుమకొండలో ఇంట్లోనే చూసుకుంటున్నాం. గొట్టం చివర తగిలించే ఈ చిన్న ఫిల్టరును కృత్రిమ ముక్కు అంటారు. దుకాణంలో హెచ్ఎంఈ అని అడగాలి. ఎండాకాలంలో ఇది లేకుండా ఆయనను ఉంచే ధైర్యం ఇప్పుడు నాకు లేదు.

ముక్కు గాలిని వడకట్టి, వెచ్చబరచి, తేమ కలిపి లోపలికి పంపుతుంది. గొట్టం పెట్టాక ఆ పని జరగదు. మే నెలలో మా ఊరి వడగాలి నేరుగా లోపలికి పోయి తెమడ బంకలా గట్టిపడేది. లోపలి గొట్టం తీసి చూస్తే గోడలకు పచ్చటి పెచ్చు కట్టి ఉండేది. ఎంత సక్షన్ పెట్టినా, అంటే యంత్రంతో తెమడను పీల్చి తీయబోయినా, కదిలేది కాదు. అలా నిలిచిన తెమడలోనే క్రిములు పెరుగుతాయి. ఫిల్టరులోని నురుగు ముక్క వదిలిన ఊపిరిలోని తడిని పట్టుకుని, తిరిగి పీల్చేటప్పుడు ఇస్తుంది. ఇప్పుడు తెమడ పలుచగా, సులువుగా వస్తోంది. ఛాతీ ఇన్ఫెక్షన్లు బాగా తగ్గాయి, కానీ పూర్తిగా పోలేదు. సక్షన్‌కు ముందు చేతులు కడుక్కోకపోతే ఏ ఫిల్టరూ కాపాడదు.

ఇబ్బందులూ ఉన్నాయి. రోజుకొకటి మార్చాలి, దగ్గు తెమడతో తడిస్తే వెంటనే మార్చాలి. కడిగి మళ్లీ వాడకూడదు. కాబట్టి ఖర్చు ఆగదు. నెబ్యులైజర్ (మందును సన్నటి తుంపరగా పీల్పించే యంత్రం) పెట్టేటప్పుడు ఫిల్టరును తప్పకుండా తీసేయాలి, లేకపోతే తడిసి మూసుకుపోతుంది. ఒకసారి అలా మూసుకుపోతున్నప్పుడు బాపు మెడ కింది గుంట ప్రతి శ్వాసకూ లోపలికి పోవడం చూసి ఫిల్టరు లాగేశాను. తెమడ విపరీతంగా వస్తున్న రోజుల్లోనూ ఇది పనికిరాదు.

తెమడ పరీక్షలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఉందని వచ్చినంత మాత్రాన కంగారుపడి మందులు మొదలుపెట్టకండి. ఏళ్లుగా గొట్టం ఉన్నవారిలో ఆ క్రిములు జబ్బు చేయకుండానే ఉండవచ్చు. జ్వరం, మామూలు కన్నా ఎక్కువసార్లు సక్షన్ అవసరం కావడం, ఆక్సిమీటరు అంకె పడిపోవడం, తెమడ రంగూ వాసనా మారడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో మిగిలిన యాంటిబయాటిక్ మాత్రం వేయవద్దు, తర్వాత అసలు మందే పనిచేయకుండా పోవచ్చు.

కొనేముందు మీ గొట్టానికి 15 మిల్లీమీటర్ల కనెక్టరు ఉందో లేదో చూసుకోండి. చాలా లోహపు గొట్టాలకు అది ఉండదు, ఫిల్టరు పట్టదు. అలాంటివారు తేమ ఎలా ఇవ్వాలో ముందుగా ఈఎన్‌టీ డాక్టరును అడగాలి.