ఛాలెంజ్ కప్ 2020 నిర్వహణ: మైదానంలో మంచి మార్కులు, డ్రా దగ్గర కోత

కరోనా ఏడాదిలో నాకౌట్ టోర్నీ ఎలా నడపాలో తెలియాలంటే ఇంగ్లండ్‌లో రగ్బీ లీగ్ ఆటని నడిపే సంఘం రగ్బీ ఫుట్‌బాల్ లీగ్ తన నాకౌట్ పోటీ ఛాలెంజ్ కప్‌ని నడిపిన తీరుని దగ్గర నుంచి చూడాలి. ఈ ఆట 15 మంది ఆడే రగ్బీ యూనియన్ కాదు. జట్టుకు 13 మంది, అప్పట్లో బెంచీ మీద నలుగురు ఉండే రగ్బీ లీగ్. 2020 మార్చి 16న ఆగిపోయిన సీజన్ ఆగస్టు 2న మళ్లీ మొదలైంది. జూలై 18న జరగాల్సిన కప్ ఫైనల్ అక్టోబర్ 17న వెంబ్లీలో జరిగింది. లీడ్స్ 17, సాల్ఫర్డ్ 16. ల్యూక్ గేల్ బంతిని నేలకి జారవిడిచి తన్నిన డ్రాప్ గోల్‌తో ఒక్క పాయింటు తేడాతో తేలిన ఆ ఫైనల్‌కి ప్రేక్షకుల్ని రానివ్వలేదు; అంతకు ముందు ఏడాది ఫైనల్‌కి అదే వెంబ్లీలో 62,717 మంది వచ్చారు. కప్ చేతికొచ్చింది కదా అని అన్నీ సవ్యంగా జరిగాయనుకోకూడదు. నిర్వాహకుల పనికి మా మార్కులు ఐదుకు మూడున్నర.

ఆ మూడున్నరలో ఎక్కువ భాగం స్క్రమ్ తీసేసినందుకే. రగ్బీ లీగ్‌లో ఆగిన ఆటని మళ్లీ మొదలుపెట్టే స్క్రమ్‌కి ఒక్కో వైపు ఆరుగురు, మొత్తం పన్నెండు మంది తలలు దూర్చి మొహానికి మొహం ఆనించి నిలబడతారు. బంతి కోసం అసలైన పోటీ అందులో ఎప్పుడో పోయింది. వైరస్‌కి సౌకర్యం, ఆటకి పెద్దగా లాభం లేని ఘట్టం అది. దాన్ని పక్కన పెట్టి, బంతి దక్కాల్సిన జట్టే నేరుగా ఆట మొదలుపెట్టేలా చేశారు. రక్ దగ్గర, అంటే పడిన ఆటగాడు లేచి బంతి మళ్లీ ఆడించే చోట, తప్పు జరిగితే పెనాల్టీకి బదులు బంతి ఉన్న జట్టుకి మళ్లీ ఆరు టాకిల్స్ (ఎదుటివాళ్లు పట్టి ఆపేదాకా ఆడే అవకాశాలు) ఇచ్చే పద్ధతీ తెచ్చారు. దానివల్ల ఆట ఆగడం తగ్గింది, అయితే ఆటగాళ్లకి ఊపిరి తీసుకునే వ్యవధి కూడా తగ్గింది. నెలల తరబడి ఇంట్లో కూర్చుని వచ్చిన కాళ్లకి అది బరువే. ఇదే పద్ధతి పెట్టుకునేవాళ్లు అదనంగా రెండు వారాల ఫిట్‌నెస్ శిక్షణ లెక్కలో వేసుకోవాలి.

అసలు ప్రమాదం ఎక్కడుందో తర్వాత జరిగిన పరిశోధన చూపించింది. ఆ సీజన్‌లోనే ఇంగ్లండ్ రగ్బీ లీగ్‌లో పై అంచె పోటీ అయిన సూపర్ లీగ్ మ్యాచ్‌లు నాలుగింటిలో వైరస్ ఉన్న ఎనిమిది మంది తెలియక ఆడారు. మ్యాచ్ వీడియోలు, ఆటగాళ్ల జీపీఎస్ వివరాలు వడపోసి, వాళ్లకి బాగా దగ్గరగా వచ్చినవాళ్లు 28 మంది అని తేల్చారు. అందులో తర్వాత పాజిటివ్ వచ్చింది ఒక్కరికే. టాకిల్‌లో మొహాలు ఎదురెదురుగా ఉండేది కొన్ని సెకన్లు, అదీ ఆరుబయట. మరి గండం ఎక్కడ? ఒకే కారులో నలుగురు రావడం, కిటికీల్లేని డ్రెస్సింగ్ రూమ్‌లో ఇరవై నిమిషాలు కోచ్ ప్రసంగం, మ్యాచ్ అయ్యాక కలిసి భోజనం. టోర్నీ పెట్టేవాళ్లు బంతి తుడవడం మీద పెట్టే శ్రద్ధలో సగం కార్ల మీద పెడితే చాలు. ఎవరు ఎవరితో ఏ కారులో వచ్చారో రాసిన కాగితం ఒకటి గేటు దగ్గర తీసుకోండి. రేపు పాజిటివ్ వస్తే ఎవరిని పక్కన పెట్టాలో దాన్ని చూసి పది నిమిషాల్లో తేల్చవచ్చు.

బంతి మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న విషయం. రగ్బీ బంతి పైపొర రబ్బరు. దాని మీద ఉండే చిన్న చిన్న గింజల్లాంటి పట్టు వల్లే తడి చేతికి కూడా బంతి నిలుస్తుంది. ప్రతి విరామంలో ఆల్కహాల్ కొట్టి తుడిస్తే రబ్బరు ఎండిపోయి ఆ పట్టు పోతుంది. సబ్బు నీళ్లతో తుడిచి, పొడిబట్టతో తడి లేకుండా చేసి, ఐదారు బంతుల్ని మార్చి మార్చి వాడటం మేలు. బల్లలకి, తలుపు గడియలకి 0.1 శాతం బ్లీచ్ ద్రావణం సరిపోతుంది: 5 శాతం ఇంటి బ్లీచ్ 20 మిల్లీలీటర్లకి నీళ్లు 980 మిల్లీలీటర్లు. ఏ రోజుది ఆ రోజే కలపాలి, తుడిచాక కనీసం ఒక నిమిషం తడిగా ఉంచాలి. ఇక నుదుటి మీద పెట్టే థర్మామీటర్ ఉత్త ఆర్భాటం. చలిగాలిలో నడిచొచ్చినవాడికి తక్కువ చూపిస్తుంది, లక్షణాల్లేనివాణ్ణి అసలే పట్టదు.

సెమీఫైనళ్లు రెండూ అక్టోబర్ 3న సెయింట్ హెలెన్స్ మైదానంలోనే పెట్టారు. ఇది తెలివైన పని. శుభ్రం చేసే సిబ్బంది, డాక్టర్లు, కెమెరా బృందం ఒక్కచోటే ఉంటారు. కానీ నాలుగు జట్లంటే ఆటగాళ్లే 68 మంది. రెండు డ్రెస్సింగ్ రూములే ఉన్న మైదానంలో ఇది అంత తేలిగ్గా నడవదు. ఆట 80 నిమిషాలు, విరామం, గాయాల ఆలస్యం కలిపి గంటా నలభై. ఒక జట్టు ఖాళీ చేసి, గదులు తుడిచి, గాలి ఆడనిచ్చాక రెండో జట్టు లోపలికి రావాలంటే ఇంకో గంట. రెండు మ్యాచ్‌ల ప్రారంభాల మధ్య రెండు గంటల నలభై నిమిషాలకు తక్కువ పెడితే జట్లు కారిడార్‌లో ఎదురుపడతాయి, అంతవరకు పడ్డ శ్రమ అక్కడ బూడిదలో పోసిన పన్నీరే.

ఇక తేదీల లెక్క. ఆ శరదృతువులో ఇంగ్లండ్‌లో పాజిటివ్ వచ్చినవాళ్లకి 10 రోజులు, దగ్గరగా మెలిగినవాళ్లకి 14 రోజులు ఐసొలేషన్. క్వార్టర్ ఫైనళ్లు సెప్టెంబర్ మూడో వారాంతంలో, సెమీస్ అక్టోబర్ 3న, ఫైనల్ 17న. అంటే రౌండుకీ రౌండుకీ మధ్య సరిగ్గా రెండు వారాలు. పైకి చూస్తే సరిపోయినట్టే ఉంటుంది. కానీ సెమీస్ రోజున సోకినవాడికి దగ్గరగా ఉన్న ఆటగాడు 14 రోజులు ఇంట్లో ఉంటే ఫైనల్ చేజారినట్టే, ఎందుకంటే మధ్యలో ఒక్క ప్రాక్టీసూ ఉండదు. పాజిటివ్ వచ్చినవాడి సంగతి ఇంకా కష్టం: విశ్రాంతి పూర్తయ్యాక గుండెకి పరీక్ష, ఆ తర్వాత మెల్లగా పెంచే శిక్షణ. నాకౌట్‌లో రౌండ్ల మధ్య మూడు వారాల వ్యవధి దొరికితే వదులుకోవద్దు.

మార్కుల్లో కోత పెట్టింది డ్రా దగ్గర, అంటే ఏ జట్టు ఎవరితో ఆడాలో తేల్చే చోట. పాయింట్ల పట్టికతో నడిచే లీగ్ పోటీలో మ్యాచ్ రద్దయితే గెలుపు శాతంతో పట్టిక తేల్చవచ్చు. సూపర్ లీగ్‌లో ఆ ఏడాది అదే చేశారు. నాకౌట్‌లో ఒక మ్యాచ్ ఆగితే పై రౌండంతా ఆగుతుంది. కెనడా క్లబ్బు టొరంటో వుల్ఫ్‌ప్యాక్ జూలై 20న సీజన్ నుంచే తప్పుకుంది. కింది డివిజన్ల సీజన్ రద్దయి, కప్పులో మిగిలినవి సూపర్ లీగ్ క్లబ్బులే. టికెట్ డబ్బుల్లేకుండా వారం వారం పరీక్షల ఖర్చు భరించడం చిన్న క్లబ్బుకి తలకు మించిన భారం, నిజమే. ప్రభుత్వం మే నెలలో ఇచ్చిన 1.6 కోట్ల పౌండ్ల అప్పు ఆటని నిలబెట్టింది గానీ, ఊరి క్లబ్బు పెద్ద క్లబ్బు మీదకి వెళ్లే ముచ్చట మిగల్చలేదు. కప్పుకి ఆ పేరు తెచ్చిందే ఆ ముచ్చట.

సొంత టోర్నీ వేసేవాళ్లు డ్రా తీయకముందే ఈ లెక్క కాగితం మీద పెట్టాలి. 16 జట్లయితే 15 మ్యాచ్‌లు, నాలుగు రౌండ్లు. 11 జట్లు మిగిలితే మొదటి రౌండులో మూడు మ్యాచ్‌లు, ఐదు జట్లకి బై (ఆడకుండానే పై రౌండుకి). ఎంతమంది ఆటగాళ్లు లేకపోతే వాకోవర్ (ఆడకుండానే ఎదుటి జట్టుకి గెలుపు) అనేది అంకెలో రాసి, అన్ని క్లబ్బుల సంతకాలు తీసుకోవాలి. తప్పుకున్న జట్టు స్థానంలో ఓడిన జట్టుని తేవాలనుకుంటే, ఓడిన మర్నాడే వాళ్ల పరీక్షలు ఆపొద్దు. పరీక్షల నుంచి బయటికి వెళ్లిన జట్టుని రెండు రోజుల నోటీసుతో మళ్లీ లోపలికి తీసుకోవడం కుదరదు. చాలామంది నిర్వాహకులు ఇక్కడే జారతారు. ఆ పరీక్షల ఖర్చు టోర్నీదే, క్లబ్బుది కాదు.

ఈ నమూనా అందరికీ పనికి రాదు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ ఆదివాసుల రగ్బీ లీగ్ టోర్నీ కూరీ నాకౌట్ 1971 నుంచి జరుగుతున్నది. అక్టోబర్ వారాంతంలో వందకి పైగా జట్లు, కుటుంబాలు, పెద్దలు, పిల్లలు ఒకచోట చేరతారు. దాన్ని 2020లో, 2021లో రద్దు చేసి, 2022లో బొమడెర్రీలో మళ్లీ జరిపారు. జనమే ఆ టోర్నీ. ఖాళీ మైదానంలో ఆడితే పేరు తప్ప ఏమీ మిగలదు. ప్రేక్షకులు లేకుండా నడిచే టోర్నీకి, నలభై మంది స్క్వాడ్లు, టీవీ డబ్బు ఉన్న పోటీకి ఇంగ్లండ్ పద్ధతి తీసుకోవచ్చు. ఊళ్లకి ఊళ్లు కదిలొచ్చే టోర్నీ అయితే రద్దే సరైన నిర్ణయం, అదీ జట్లు బస్సులకి అడ్వాన్సు కట్టకముందే ప్రకటించాలి.