స్త్రీవాద పరిశోధనకు ఎక్కడ వెతకాలి: తెర మీదా, బీరువాలోనా?

పోయిన నెల గుంటూరు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. తెలుగు ఎం.ఏ. ముగించి పరిశోధనలో చేరిందట. "అక్కా, మూడు వారాలుగా స్త్రీవాద సిద్ధాంతం కోసం ఫోనులో వెతుకుతున్నాను. అన్నీ ఇంగ్లీషువే వస్తున్నాయి. తెలుగులో సిద్ధాంతమే లేదా?" అని అడిగింది. ఆ గొంతులో నిరాశ వింటే మనసు చివుక్కుమంది. ఉందమ్మా, కానీ దాని మీద సిద్ధాంతం అని పేరు రాసి లేదు అన్నాను. ఆ రోజు చెప్పినదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా తెర సంగతి. ఇంగ్లీషు సిద్ధాంత వ్యాసాలకైతే కంప్యూటరే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థల వారికి 30 మంది ప్రచురణకర్తల పత్రికలు, సుమారు 13,000, అందుబాటులోకి వచ్చాయి. సేజ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అందులో ఉన్నాయి. విజయవాడ, గుంటూరుల మధ్య హైవే మీద ఉన్న నాగార్జున విశ్వవిద్యాలయంలో చేరినవారు ముందు తమ గ్రంథాలయంలో ఈ సదుపాయం గురించి అడగాలి. మన రెండు ఊళ్లలో ప్రైవేటు కాలేజీలే ఎక్కువ. తొలి దశలో వాటికి ఈ పథకం వర్తించలేదు. ఒకే బస్సులో వెళ్లే ఇద్దరు అమ్మాయిల్లో ఒకరికి వ్యాసం చేతికి అందడం, రెండోవారికి తలుపు మూసి ఉండడం నాకు బాధగానే ఉంటుంది.

శోధ్‌గంగ వెబ్‌సైట్ మాత్రం అందరికీ తెరిచే ఉంది. దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు అందులో ఉంటాయి. నేను వాటిని చివరి నుంచి చదువుతాను. ఉపయుక్త గ్రంథసూచి చూస్తే మనకంటే ముందు ఒకరు ఐదేళ్లు తిరిగి పోగుచేసిన దారి కనిపిస్తుంది. అయితే తెలుగు గ్రంథాల దగ్గర ఒక చిక్కు ఉంది. చాలావాటిని బొమ్మలుగా స్కాన్ చేశారు, లేదా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైపు చేశారు. అక్షరాలు కంటికి చక్కగానే కనిపిస్తాయి, వెతుకుడు పెట్టెలో "స్త్రీ" అని కొడితే మాత్రం ఒక్కటీ దొరకదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లోని పాత తెలుగు పుస్తకాలకు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో వింత వింతగా రాశారు. ఒకే రచయిత్రి పేరును నాలుగు రకాలుగా కొట్టి చూడాలి. వెతికితే రాలేదంటే లేదని కాదు. ఆ అమ్మాయికి ఈ మాటే రెండుసార్లు చెప్పాను.

ఇంకో చిక్కు మాటలది. స్త్రీవాదం అన్న మాట మనకు బాగా అలవాటైంది 1980ల నుంచే. 1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టిన రచయిత్రి భండారు అచ్చమాంబ ఆ మాటతో రాయలేదు. ఆమె కాలానికి వెళ్లాలంటే ఆమె కాలపు మాటలు పట్టుకోవాలి: అబల, స్త్రీ విద్య, స్త్రీ స్వాతంత్ర్యం, వితంతు వివాహం, స్త్రీ సమాజం. ఈ మాటలు తెర నేర్పదు. పాత పత్రిక నాలుగు సంచికలు తిరగేస్తే వాటంతట అవే నోటికి వస్తాయి.

ఇక బీరువా. గ్రంథాలయంలో స్త్రీల పుస్తకాలన్నీ ఒకచోట ఉంటాయనుకుంటే పొరపాటే. అంశాన్ని బట్టి పుస్తకాలకు సంఖ్యలిచ్చే డ్యూయీ వర్గీకరణలో స్త్రీవాదం సంఖ్య 305.42. మన కవయిత్రుల పుస్తకాలు తెలుగు సాహిత్యం కింద 894.827లో ఉంటాయి. చట్టాల పుస్తకాలు మరోచోట. డ్యూయీ పాత కూర్పుల్లోనైతే స్త్రీల స్థితిగతులకు 396 ఇచ్చారు. దానికి ఒక పక్క 395, మర్యాదలు. ఇంకొంచెం అవతల 398, జానపద కథలు. స్త్రీ జీవితం మొత్తాన్ని ఆచారాల వరుసలో కూర్చోబెట్టారు! చాలాకాలంగా సంఖ్యలు మార్చని గ్రంథాలయంలో ఆ వరుస కూడా చూడండి. ఆ అమర్చిన తీరు మీదే ఒక అధ్యాయం రాయవచ్చు.

విజయవాడ రామమోహన గ్రంథాలయం, పటమట సర్వోత్తమ గ్రంథాలయం, గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయం, ఈ మూడూ చూడకుండా తెలుగులో లేదని ఎవరూ అనకూడదు. పాత పత్రికలకైతే వేటపాలెం సారస్వత నికేతనం. 1918లో పుట్టిన గ్రంథాలయం, చీరాల దాటగానే వస్తుంది. విజయవాడలో రైలెక్కితే దారిలో బాపట్ల తగులుతుంది. ఆ స్టేషన్ దగ్గర నాకు ప్రతిసారీ ఆ ఊరి రచయిత్రి కనుపర్తి వరలక్ష్మమ్మ గుర్తొస్తారు.

గృహలక్ష్మి పత్రికలో ఆమె శారద లేఖలు రాశారు. శారద అనే స్త్రీ తన స్నేహితురాలు కల్పలతకు రాసే ఉత్తరాలు. బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం మొదలుకొని విడాకుల వరకు అందులో చర్చకు వస్తాయి. స్నేహితురాలితో మాట్లాడుతున్నట్టే చట్టాన్ని విప్పి చూపించడం సిద్ధాంతం కాకపోతే మరేమిటి? లేఖలు తర్వాత పుస్తకంగా వచ్చాయి, దాన్ని ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. కానీ పత్రికలో చదవడం వేరు. గృహలక్ష్మిని నడిపిన కె.ఎన్. కేసరి వైద్యులు, స్త్రీల మందు లోధ్ర ఆయన కేసరి కుటీరానిదే. గర్భాశయ రోగాల మందు ప్రకటనలూ, హక్కుల మీద ఉత్తరమూ ఒకే అట్టల మధ్య చదివింది ఆనాటి పాఠకురాలు. ప్రకటన ఆమెను ఒక శరీరంగా చూసింది, ఉత్తరం ఒక పౌరురాలిగా చూసింది. పుస్తకంలో ఉత్తరం మిగిలింది, ఆ పక్క పేజీ పోయింది. నన్ను అడిగితే పరిశోధన అంతా ఆ పక్క పేజీలోనే ఉంది.

బీరువాతో బాధలు లేవని అనను. ఒక గ్రంథాలయంలో సంపుటం అడిగితే "ఎవరి కోసమమ్మా?" అన్నారు. నా కోసమే అని చెప్పాక కూడా గంట కూర్చోబెట్టారు. చివరికి చేతికి వచ్చిన సంపుటంలో నాకు కావలసిన పుటలు ఎవరో బ్లేడుతో కోసుకుపోయారు. సాయంత్రం పఠన మందిరాల్లో బల్లలన్నీ మగవాళ్లతో నిండి ఉంటాయి. అందుకే పొద్దున్నే వెళ్లమంటాను, వీలైతే ఇద్దరు కలిసి.

1980ల తర్వాతి కరపత్రాలు, చిన్న చిన్న సంకలనాలు కావాలంటే విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణాలు ఒక చుట్టు చుట్టండి. అక్కడా కుదరకపోతే హైదరాబాదులో 1985 నుంచి పనిచేస్తున్న స్త్రీ అధ్యయన కేంద్రం అన్వేషి ఉంది.

ఏది మేలని తేల్చి చెప్పమంటే, తెలుగు స్త్రీల ఆలోచన మీద పనిచేసేవారికి బీరువాయే మేలు, అదీ మొదటి ఆరు నెలలు. తెర ఆ తర్వాత. ముందే ఇంగ్లీషు వ్యాసాలు చదివి వెళితే వరలక్ష్మమ్మలో వాటికి ఉదాహరణలు మాత్రమే ఏరుకుంటాము. ముందు ఆమెను చదివితే ఆ వ్యాసాలను ప్రశ్నించగలుగుతాము. పరిశోధనాంశం పూర్తిగా పాశ్చాత్య సిద్ధాంతమే అయితే ఈ వరుసను తిరగేయండి.

వెళ్లేటప్పుడు తెల్లకాగితం చీటీలు పట్టుకెళ్లండి. ఫొటోలకు అనుమతి ఇస్తే సంపుటం, సంచిక, నెల, పుట రాసిన చీటీని పేజీ పక్కన పెట్టి తీయండి. ఎదుటి పేజీ కూడా పడేలా చూడండి.